కంప కొట్టిన ఇంట్లో నేర్చుకున్న ముడి

నా చిన్నప్పుడు మా నాయన లోపల మనిషి ఉన్న ఇంటికి కంప కొట్టాడు. కొట్టి, ఆ ఇంట్లో ఎవరూ లేరని ఊరందరి ముందూ చెప్పాడు. లోపల ఉన్నది మా చిన్నతాత. మా తాతకు తమ్ముడు, మా నాయనకు చిన్నాయన. ఆయన లోపల ఉన్నాడని మా నాయనకు తెలుసు. మా అమ్మకు తెలుసు. ఊరికి తెలుసు. నాకు అందరికంటే బాగా తెలుసు, ఎందుకంటే మధ్యాహ్నం పూట ఆయన పక్కన కూర్చుని వైరు బుట్ట అల్లడం నేర్చుకున్నది నేనే.

ఇప్పుడు నాకు డెబ్బై దాటాయి. మదనపల్లెలో మా వీధి పిల్లలకు సెలవుల్లో వైరు బుట్టలు నేర్పుతుంటాను. వాళ్ల తల్లులు దీన్ని హాబీ అంటారు, టైంపాస్ అంటారు. మొన్న మా కోడలు ఫోన్ పట్టుకొచ్చి చూపించింది. ఎవరో ఒకావిడ ఇంట్లో కూర్చుని ఏయే హాబీలు మొదలుపెట్టవచ్చో నవ్వుతూ చెబుతోంది. ఇంత వైరు కొనండి, ఇంత పొడవు కత్తిరించండి, ముడి తప్పు పడితే విప్పేయండి, మళ్లీ వేయండి అంది. విప్పేయండి అట! ఒక్క ముడి విప్పలేక ఒక మనిషి ఎంత కాలం దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడో ఆవిడకు తెలియదు. తెలియనివాళ్ల మీద కోపం లేదు నాకు. తెలిసినవాళ్ల మీదే.

నేను ఐదో తరగతితో బడి మానేసినవాణ్ణి. పొట్లాలు కట్టిన కాగితాలూ, బస్టాండులో ఎవరో వదిలేసిన పత్రికలూ చదివి కూడబెట్టుకున్న తెలుగు నాది. ఇందులో తప్పులుంటే ఉండనీండి. కోపం మాత్రం నా సొంతం.

మాది చౌడేపల్లె పక్కన చిన్న ఊరు. పాలూ వంకాయలూ పుంగనూరికి పోయేవి, డబ్బాల్లో కిరసనాయిలూ, పొట్లాల్లో చక్కెరా అక్కడినుంచి వచ్చేవి. చిన్నతాత భార్య, మా చిన్నవ్వది కుప్పం. అటు తమిళం, ఇటు కన్నడం తగిలే ఊరు. ఆమె మాటలో ఆ రెండూ తెలుగుతో కలిసి ఉండేవి. వైరు బుట్టల పని ఆమె పుట్టింటి పక్కనున్న తమిళావిడ దగ్గర నేర్చుకుంది. మావైపు అప్పటికి అందరివీ ఈత బుట్టలే. ఆమె మొదటిసారి ప్లాస్టిక్ వైరు చుట్టలు తెచ్చి అరుగు మీద పరిస్తే ఆడవాళ్లంతా చేరి నవ్వారు.

"ఏమమ్మే కుప్పమమ్మా, ఏం పనికొస్తాది ఇది?" అని ఒకామె అడిగింది.

"నీళ్లు పోస్తే నానదు, ఎలక కొరికితే తెగదు. నీ నోరు మాదిరి గట్టిది" అంది చిన్నవ్వ తల ఎత్తకుండానే.

మామూలు ముడి కాక, ఆమెకు ఇంకొకటి వచ్చు. దాన్ని శివుడి కన్ను అనేది. వైర్లు నాలుగు వైపులనుంచి వచ్చి ఒకదాన్నొకటి పట్టుకుని, నడుమ చిన్న ఖాళీ మిగులుస్తాయి. ఆ ఖాళీ అచ్చం కన్నులా ఉంటుంది. వరసకు వరస అల్లుకుంటూ పోతే బుట్ట నిండా కళ్లే. అది అల్లడం ఊళ్లో ఆమె ఒక్కదానికే తెలుసు. వాళ్లకు పిల్లలు లేరు. పాలు పిండి, గొడ్లను కట్టేసి, సాయంత్రం వెలుగు ఉన్నంతసేపూ అల్లుతూ కూర్చునేది. చిన్నతాత పక్కనే గోడకు ఆనుకుని, "నువ్వొక బుట్ట అల్లేలోపల నేనొక మడి దున్నేస్తా" అని ఎగతాళి చేసేవాడు. ఆమె వినిపించుకునేది కాదు.

ఒక పచ్చ బుట్ట సగంలో ఉండగా ఆమెకు జ్వరం వచ్చింది. తగ్గలేదు. పోయింది.

పంచాంగం చూసే అయ్యవారు నక్షత్రం మంచిది కాదన్నాడు. అలాంటి నక్షత్రంలో పోతే ఇల్లు పాడు పెట్టాలి. అంటే ఇంట్లోవాళ్లంతా బయటికి వచ్చేయాలి, తుమ్మకంప తెచ్చి వాకిలికి అడ్డంగా పడేయాలి, దీన్నే మావాళ్లు కంప కొట్టడం అంటారు, అయ్యవారు చెప్పిన నెలలు గడిచేదాకా ఆ ఇంట్లో పొయ్యి వెలగకూడదు, మనిషి మసలకూడదు. మసిలితే పోయినామె ఇంకొకరిని పిలుచుకుంటుందని భయం. ఎవరిని పిలుస్తుందో తెలియదు కాబట్టి ఆ భయం అందరిదీ.

కర్మ అయ్యేవరకు చిన్నతాత మా ఇంట్లో ఉన్నాడు. మర్నాడు పొద్దున చూస్తే ఆయన పక్క ఖాళీగా ఉంది. తన ఇంటికి వెళ్లిపోయాడు. మా నాయన వెళ్లి పిలిచాడు, రాలేదు. కాసేపటికి ఊరి పెద్దలు మా వాకిట్లో చేరారు. అందరికంటే ముందున్నది పక్కింటాయన. నేను అక్కా అని పిలిచే పిల్ల వాళ్ల నాయన.

"మీ చిన్నాయన్ను నువ్వు తెస్తావా, మమ్మల్ని పొమ్మంటావా?" అన్నాడాయన.

మా నాయన కొడవలి తీసుకుని చేను గట్టుకు వెళ్లాడు. తుమ్మకొమ్మలు నరికి, వీధంతా గీతలు పడేలా ఈడ్చుకొచ్చి, చిన్నతాత వాకిలికి అడ్డంగా వేశాడు. చేతుల నిండా ముళ్లు గుచ్చుకున్నాయి. నెత్తురు తుడుచుకోలేదు.

"సూడండప్పా. ఇల్లు పాడు పెట్టినాం. లోపల ఎవురూ లేరు" అన్నాడు.

వాకిలి పక్కన చిన్న కిటికీ ఉండేది. ఆయన ఆ మాట అంటున్నప్పుడు ఆ కిటికీ ఊచల మీద చిన్నతాత వేళ్లు ఉన్నాయి. నేను చూశాను. మా నాయనా చూశాడు. అక్కడున్నవాళ్లంతా చూశారు. ఆ క్షణం నుంచి ఎవరూ చూడలేదు.

ఇది ఎలా ఉంటుందో చెబితే ఇప్పటివాళ్లు నమ్మరు. చిన్నతాత పెరటి బావిలో నీళ్లు చేదుకుంటుంటే గోడ అవతల బట్టలు ఆరేసే ఆడవాళ్లు గిర్రున తిరిగి ఇంట్లోకి వెళ్లిపోయేవాళ్లు. సందులో ఎదురైతే చెట్టును తప్పించుకుని పోయినట్టు పక్కకు తప్పుకుని పోయేవాళ్లు. ఆయన్ను చూశామంటే ఆ ఇల్లు ఖాళీ కాలేదని ఒప్పుకున్నట్టు. ఖాళీ కాలేదంటే చావు వస్తుంది. అందుకని ఆయన్ను చూడకుండా ఉండడం ఎవరి ప్రాణానికి వాళ్లు చేసుకునే పనైంది. ఒక ఊరు ఊరంతా కళ్లు తెరుచుకునే గుడ్డిదైపోయింది. పిల్లలం మాత్రం ఆ ఇంటి ముందు పరుగెత్తుతూ దెయ్యం తాతా అని అరిచేవాళ్లం. బతికున్న మనిషిని దెయ్యమనడం మాకు పెద్దవాళ్లే నేర్పారు, నోటితో చెప్పి కాదు.

మా అమ్మ రోజూ మధ్యాహ్నం ఒక పళ్లెంలో రాగి సంగటీ ఊరిబిండి పచ్చడీ పెట్టి నా చేతికిచ్చేది. "పెరటి గోడ మీద పెట్టేసి వచ్చెయ్. పలకరించొద్దు" అనేది. నాయనకు తెలియకుండా ఇస్తోందని అనుకునేవాణ్ణి. కొన్నాళ్లు అలాగే పెట్టి వచ్చేశాను. ఒక రోజు లోపలినుంచి కీచుమని సన్నటి శబ్దం వచ్చింది. ఆగింది. మళ్లీ వచ్చింది. వైరును ముడిలోంచి బిగించి లాగితే వచ్చే శబ్దం అది. చిన్నవ్వ బతికున్నప్పుడు సాయంత్రాలు వినిపించేది. పారిపోవలసినవాణ్ణి, ఎందుకో పెరటి తలుపు తోశాను.

లోపల దూలానికి ఆ పచ్చ బుట్ట బోర్లా వేలాడుతోంది. వీధి పిల్లలు చిక్కు పెడతారని చిన్నవ్వ అలా కట్టి పెట్టేది. అల్లని వైర్లన్నీ విరబోసుకున్న జుట్టులా కిందికి దిగి ఉన్నాయి. నేను తెరిచిన తలుపులోంచి ఎండ పడి బుట్టలోని కళ్లన్నీ ఒక్కసారిగా వెలిగాయి. దాని కింద చిన్నతాత కూర్చుని, చేతిలో ఒక తెగిన వైరు ముక్కతో కుస్తీ పడుతున్నాడు.

"సంగటి ఆడ పెట్టు. ఇట్రా" అన్నాడు, నిన్ననే మాట్లాడుకున్నట్టు. "ఈ ముడి నీకు తెలుసునా?"

తెలియదన్నాను.

"నాకూ తెలీదు. ఇన్నేండ్లు పక్కనే కూసోని సూసినా. సూసింది ఆమె మొగాన్ని. చేతుల్ని సూళ్లేదు" అన్నాడు.

ఆ బుట్టను పూర్తి చేయాలన్నదే ఆయన ఇల్లు వదలకపోవడానికి కారణం. ఇల్లు పాడు పెట్టడం ముగిశాక శుద్ధి చేస్తారు. పోయినవాళ్ల చాపా, బట్టలూ, వాడిన వస్తువులూ అన్నీ వంక నీళ్లలో పారేస్తారు. సగం బుట్టను కూడా పారేస్తారు. పూర్తయిన బుట్టయితే అది తను అల్లింది, తనది అని చెప్పుకోవచ్చు. బయటికి తెచ్చి అల్లుదామంటే చావు ఇంటి వస్తువు ఏ గడపా దాటనివ్వరు. కాబట్టి అక్కడే కూర్చుని, శుద్ధి జరిగేలోపల, ఏమీ రాని చేతులతో, అంతా మొదటినుంచి నేర్చుకోవాలి. ఆయనకు అప్పటికి అరవై ఏళ్లు ఉంటాయి. నాగలి తప్ప ఇంకొకటి పట్టని చేతులు.

మామూలు ముడి పక్కింటి అక్కకు వచ్చు. చిన్నవ్వే నేర్పింది. ఆ అక్కకు కుప్పంలో సంబంధం కుదిర్చింది కూడా చిన్నవ్వే. నేను వెళ్లి నేర్పమని అడిగితే అక్క నడుం మీద చేయి పెట్టుకుని నన్ను ఎగాదిగా చూసింది.

"మొగపిల్లోడివి బుట్టలల్లుతావా? రేపు గాజులు కూడా ఏసుకుంటావా? ఎవురికిరా?"

ఎవరికని చెప్పను? ఆ మనిషి లేడు గదా. అక్క వాళ్ల ఇంటి వెనకనుంచి చిన్నతాత పెరటి గోడ వైపు ఒకసారి చూసింది.

"గోడకు నేర్పుతావా?" అంది.

"ఆ. గోడకే."

"గోడకు వేళ్లు లావు. వైరును గట్టిగా పట్టుకోవద్దని సెప్పు. వదులుగా వదిలి, చివర్లో ఒక్కసారే లాగల్ల."

అప్పటినుంచి అక్క గోడ బాగోగులన్నీ అడిగేది. గోడ అన్నం తిందా? గోడకు ముడి వచ్చిందా? గోడ కోపంగా ఉందా, నవ్విందా? వాళ్ల నాయన వినేలా గట్టిగానే అడిగేది. అదొక ఆట అనుకుని ఆయన పట్టించుకునేవాడు కాదు. అక్క దగ్గర పొద్దున నేర్చుకున్నది మధ్యాహ్నం నేను చిన్నతాతకు నేర్పేవాణ్ణి. నాకు వంద తప్పులు వచ్చేవి, ఆయనకు అంతకంటే ఎక్కువ. వైరు కోసుకుని ఆయన వేళ్ల సందుల్లో ఎర్రగా గాట్లు పడ్డాయి. మొదట మేం అల్లిన గుడ్డముక్కంత అల్లికను చూసి ఆయనే నవ్వాడు. "కోళ్లు కూడా కూసోవు దీంట్లో" అన్నాడు. ఆ ఇంట్లో నవ్వు వినబడేసరికి ఆయనే ఉలిక్కిపడి నోరు మూసుకున్నాడు.

మామూలు ముడి వచ్చేసింది. కన్ను రాలేదు. అక్కకూ అది తెలియదు. తెలుసుకోవడానికి ఒకటే దారి, చిన్నవ్వ వేసిన కన్నును విప్పి చూడాలి.

ఆయన విప్పలేదు. నేను వెళ్లేసరికి బుట్టను ఒళ్లో పెట్టుకుని, ఆమె చివరగా వేసిన కన్ను మీద బొటనవేలు ఆనించి కూర్చుని ఉండేవాడు. వచ్చేసరికి అలాగే, పోయేసరికి అలాగే. "ఎద్దుల్ని అమ్మినోణ్ణి, చేను అమ్మినోణ్ణి. దీన్ని ఇప్పలేకపోతాండా" అన్నాడొకసారి. నాకు ఆ వయసులో విసుగొచ్చేది. ఒక ముడే గదా, విప్పేయి తాతా అనేవాణ్ణి. ఆయన విననట్టు ఉండేవాడు. ఆ ముడి విప్పితే ఆమె చేసిన పని అంత మేరకు లోకంలో తగ్గిపోతుందని నాకు అప్పుడు ఎలా తెలుస్తుంది?

ఒక రోజు నేను పోయేసరికి దాన్ని విప్పుతున్నాడు. ఎందుకు ఆ రోజే అని అడగలేదు. సూది మొనతో కొద్దికొద్దిగా సడలించి, ఒక్కొక్క వైరూ బయటికి తీశాడు. తీశాక వాటిని నిటారుగా లాగబోయాను నేను. నా చేతి మీద కొట్టాడు.

"ఆగు. సూడు."

వైరు నిటారుగా రాలేదు. ఎక్కడెక్కడ ఆమె వంచిందో అక్కడక్కడ వంగే ఉంది. ఒక మలుపు దగ్గర కొంచెం చదునుగా, ఆమె బొటనవేలు నొక్కినట్టు. ఇంకొక మలుపు దగ్గర సన్నగా తెల్లటి గీత, బిగించి లాగిన చోట. ప్లాస్టిక్ వైరుకు ఆ గుణం ఉంది. ఒకసారి బిగించిన ముడిని విప్పినా అది మర్చిపోదు.

"ముడిని సూడొద్దురా" అన్నాడు నెమ్మదిగా. "వైరు యాడ వంగిందో అది సూడు. యా పక్కకు పోవల్లంటాండాదో అట్ల పోనీ. మనం కట్టేది ఏమీ లే. దాని ఎంబడి పోతే సాలు."

ఆయన చూపుడువేలితో ఆ మలుపులను తడుముతూ, ఒకదాని వెంట ఒకటి వైర్లను పోనిచ్చాడు. తన వేలు ఆమె వేలున్న చోట పెట్టాడు. లాగాడు. కీచుమంది. నడుమ చిన్న కన్ను తెరుచుకుంది, ముందు ఉన్నట్టే, ఉన్నచోటే. ఆయన చాలాసేపు చేయి తీయలేదు. "ఈడనే ఉండాది" అన్నాడు. ఎవరు అని నేను అడగలేదు. నా వెనక ఎవరో నిలబడ్డారనిపించి తిరిగి చూసే ధైర్యం కూడా నాకు లేకపోయింది.

ఆ తర్వాత పని సాగింది. ఆమె కళ్లు చిన్నవి, సగం మూసినట్టు ఉండేవి. ఈయన వేసినవి పెద్దవి, భయపడ్డవాడి కళ్లలా తెరుచుకుని ఉండేవి. వరసలు పెరుగుతున్నకొద్దీ శబ్దమూ పెరిగింది. ఖాళీ ఇంట్లోంచి కీచు, కీచు అని వస్తుంటే వీధిలో పోయేవాళ్లు అడుగు వేగం పెంచేవాళ్లు. అదే సమయానికి పక్కింటివాళ్ల పాడి ఆవు చచ్చింది. అక్క పెళ్లి దగ్గరపడింది. పోయినామె మొదట ఆవును పిలిచింది, ఇక ఎవరిని పిలుస్తుందో అన్నారు. సంబంధం కుదిర్చింది ఆమే కాబట్టి పెళ్లికూతుర్నే పిలుస్తుందని ఎవరో అన్నారు. అక్క వాళ్ల నాయన గడ్డపార తీసుకుని వచ్చాడు. వెనక పదిమంది.

"లోపల సప్పుడు వస్తాండాది. మీ చిన్నాయన ఉండాడు. ఈడ్సి పారేసి ఇల్లు కూలదోస్తాం" అన్నాడు మా నాయనతో, కంప ముందు నిలబడి.

"ఎవురూ లేరు. ఎలకలు" అన్నాడు మా నాయన.

"ఎలకలు బుట్టలల్లుతాయా?"

"ఎవురన్నా సూసినారా? సూసినోడు ముందుకు రాండి."

ఎవరూ రాలేదు. చూశానన్నవాడికే మొదట తగులుతుందని భయం. కానీ అక్క వాళ్ల నాయన గడ్డపార దించలేదు. "అట్లయితే ఒట్టెయ్. ఉత్త ఒట్టు కాదు. నీ కొడుకు మీద ఎయ్" అన్నాడు.

మా నాయన అక్కడున్నవాళ్లందరినీ ఒకసారి చూశాడు. తర్వాత నన్ను దగ్గరికి లాగి, నా తల మీద చేయి పెట్టాడు. ఆ చేయి బరువు ఇప్పటికీ నా మాడు మీద ఉంది.

"నా కొడుకు మీద ఒట్టు. ఈ ఇంట్లో ఎవురూ లేరు."

లోపల శబ్దం ఆగిపోయింది. గడ్డపార కిందికి దిగింది. అందరూ వెళ్లిపోయారు. నా తల మీద చేయి పెట్టి మా నాయన అబద్ధం చెప్పాడు. అబద్ధపు ఒట్టు వేస్తే తలకు తగులుతుందని నమ్మే ఊళ్లో, కన్నకొడుకు తల మీద. నేను ఆ రోజు మధ్యాహ్నం సంగటి పళ్లెంతో పెరటి తలుపు తోశాను.

చిన్నతాత అల్లడం లేదు. "ఎవురి మీద ఏసినాడు ఒట్టు?" అని అడిగాడు. ఆయనకు వినబడే ఉంటుంది. నా నోటితో వినాలనుకున్నట్టున్నాడు.

"నా మీద" అన్నాను.

ఆయన బుట్టను నా ముందుకు జరిపాడు. ఇంకొక వరస మిగిలి ఉంది. "ఒక కన్ను నువ్వు కట్టు. నేను సూస్తా" అన్నాడు. కట్టాను. మొదటిసారే సరిగా వచ్చింది. ఆయన దాని మీద వేలు పెట్టి చూసి తల ఊపాడు. నా తల నిమరబోయి, చేయి మధ్యలోనే వెనక్కి తీసుకున్నాడు. "రేపటినుంచి నువ్వు రావద్దు. ఈడ ఎవురూ ఉండరు" అన్నాడు.

మర్నాడు వెళ్లాను. గోడ మీద నిన్నటి పళ్లెం కడిగి బోర్లించి ఉంది. మిగిలిన వరస రాత్రే ముగించాడేమో, లోపల దూలానికి తాడు ముక్క మాత్రం వేలాడుతోంది, బుట్ట లేదు. ఒట్టును నిజం చేయడానికి ఆయన ఇల్లు వదిలేశాడు. ఇది నాకు ఆ వయసులోనే అర్థమైంది. అర్థమైన దగ్గరినుంచే మా నాయన మీద నా కోపం మొదలైంది. ఊరు గడ్డపారతో చేయలేని పని ఆయన నా తలతో చేశాడు.

ఇంటికి శుద్ధి చేసి కంప తీసేసిన రోజు చిన్నతాత కుప్పం బస్సు దిగి వచ్చాడు. చేతిలో పూర్తయిన పచ్చ బుట్ట. ఊరంతా ఆయన్ను చుట్టుముట్టింది.

"ఎప్పుడొస్తివి చిన్నప్పా? బాగుండావా? ఇన్నాళ్లు యాడ పోయింటివి?"

"కుప్పంలో. బామ్మర్ది ఇంట్లో" అన్నాడాయన.

అక్క వాళ్ల నాయన అందరికంటే ఎక్కువ ప్రేమగా పలకరించాడు. నాకు అరవాలనిపించింది. చిన్నతాత వాకిలి దాకా వచ్చి, గడప దాటకుండా నిలబడి లోపలికి చూశాడు. తర్వాత తిరిగి బస్సెక్కాడు. బుట్టలోని కళ్లన్నీ కిటికీలోంచి మా ఊరిని చూస్తూ పోయాయి. ఆయన మళ్లీ మా ఊళ్లో ఉండలేదు. కుప్పంలోనే బుట్టలు అల్లుకుంటూ కొన్నేళ్లకు పోయాడు.

మా నాయనను నేను వదల్లేదు. మీసాలొచ్చినప్పుడు అడిగాను, నా పెళ్లప్పుడు అడిగాను, నాకు కొడుకు పుట్టినప్పుడు అడిగాను. చిన్నతాత లోపల ఉండాడని నీకు తెలుసు గదా, లేడని యాల అంటివి? ఎప్పుడడిగినా ఆయన మొహం తిప్పుకుని ఒకటే మాట అనేవాడు, ఆ ఇంట్లో ఎవురూ లేరు. మంచంలో పడి, ఇక పోయేరోజు దగ్గరకొచ్చాక, ఇప్పుడన్నా చెప్పమన్నాను. నా చేయి పట్టుకున్నాడు. కళ్లలో నీళ్లు. "ఎవురూ లేరురా" అన్నాడు. అంత సిగ్గులేనితనం ఎక్కడా చూడలేదనుకున్నాను. ఆ మాటతోనే పోయాడు.

నా దగ్గర మిగిలింది ఆ ముడి. నేర్చుకోవడానికి వచ్చే పిల్లలకు మొదటి రోజు నేను ముడి వేయడం నేర్పను. కొత్త వైరు ఇవ్వను. ఎవరో అల్లి పడేసిన పాత బుట్ట ఇచ్చి, ఒక్క ముడి విప్పమంటాను. తొందరగా విప్పినవాణ్ణి ఇంటికి పంపిస్తాను. వైరు వంగిన చోట ఆగి, ఇదేంది తాతా అని అడిగినవాడికి నేర్పుతాను. మధ్యాహ్నం ఇల్లు సద్దుమణిగాక ఒక్కణ్ణే కూర్చుని అల్లుతుంటే, నేను లాగకముందే ఎక్కడో కీచుమన్నట్టు అవుతుంది. ఇప్పటికీ వెనక్కి తిరిగి చూడను.

పోయిన నెల అక్క కాలు విరిగి మంచాన పడిందని తెలిసి, మదనపల్లెలో బస్సెక్కి పుంగనూరు, పలమనేరు మీదుగా కుప్పం వెళ్లాను. ఎనభై దాటిన మనిషి. చూపు తగ్గింది గానీ నోరు తగ్గలేదు. "గోడ చుట్టమా, రా, కూసో" అంది. కోడలు కాఫీ తెచ్చింది. పాత సంగతులన్నీ మాట్లాడుకున్నాం. మాటల్లో నేను మా నాయన సంగతి ఎత్తాను. నీ ముందు చెబుతున్నాను అక్కా, చచ్చేముందు కూడా నిజం ఒప్పుకోని మనిషిని ఏమనాలి, యాల అట్ల చేసినాడు, నువ్వయినా చెప్పు అన్నాను. నా గొంతు లేచినట్టుంది, కోడలు వాకిలి దాకా వచ్చి చూసి వెళ్లింది. అక్క నా వైపు కాకుండా పైకప్పు వైపు చూస్తూ అంది:

"ఆ ఒట్టు ఏయించింది మా నాయన. అందుకని నేనెప్పుడూ నోరు ఇప్పలేదు. ఆ ఏడే నీకు అమ్మవారు పోసింది, గుర్తుండాదా? ఒళ్లు తెలీకుండా పడుండావు. ఆ పొద్దు మీ నాయన కంప కొట్టిన ఇంటి ముందర నిలబడి, ఆ ఖాళీ ఇంటికి దండం పెట్టి, ఎవురూ లేరు, ఎవురూ లేరు అని గొణుక్కుంటా ఏడుస్తా ఉంటే నేను గోడ పక్కనించి సూసినా. ఉండాడని ఒక్కసారి ఒప్పుకుంటే ఆ ఒట్టు అబద్ధమయిపోతాది. అబద్ధమయితే ఎవురి తలకు తగిలేదిరా అది? నీకు ముసలితనం వచ్చినా మీ నాయనకు ఆ భయం పోలేదు. నువ్వు ఉండల్లని, మీ చిన్నతాత లేడన్నాడు. ఇంగ ఆ కాఫీ తాగు, సల్లారిపోతాండాది."